పలకరింపుకు కూడా పాయింట్లేనా? తిరుపతి అప్‌లైన్ లీడర్లకు ఒక బహిరంగ లేఖ

తిరుపతిలో, చిత్తూరులో, ఇటు రేణిగుంట, పుత్తూరు, అటు పాకాల దాకా ఆదివారం పూట హాళ్లు బాడుగకు తీసుకుని నెట్‌వర్క్ మార్కెటింగ్‌లోకి మనుషుల్ని చేర్చుకునే ఓపెన్ ప్లాన్ మీటింగులు పెట్టే, మాకు పై వరసలో ఉన్న అప్‌లైన్ అన్నలకు, అక్కలకు,

నమస్కారం.

నేను మీలో ఒకదాన్నే. కొర్లగుంటలో ఉంటాను. తొమ్మిదేళ్లుగా ఇంటింటికీ తిరిగి సబ్బులు, టూత్‌పేస్టు, గిన్నెలు తోమే లిక్విడు, ప్రొటీన్ పౌడరు అమ్ముతున్నాను. ఒకప్పుడు నా కింద 43 మంది ఉండేవాళ్లు. ఇప్పుడు ఏడుగురు మిగిలారు. అందులో నలుగురు సొంతానికి వాడుకోవడానికే ఐడి, అంటే సభ్యత్వం, ఉంచుకున్నారు, బిజినెస్ ఊసెత్తరు. నా కంపెనీ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇదంతా ఆ ఒక్క కంపెనీ గొడవ అయిపోతుంది. పక్క కంపెనీ వాళ్లు దీన్నే వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి "చూశారా, అందుకే మా దగ్గరికి రండి" అంటారు. మూడు కంపెనీల మీటింగులకు పోయి కూచున్నదాన్ని. డబ్బాల మీద పేర్లు వేరు, స్టేజీ మీద మాట ఒక్కటే.

నెట్‌వర్క్ మార్కెటింగ్ అంటేనే మోసం అని తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ తిట్లు తిట్టేవాళ్లు మనకు వీధికొకరు ఉన్నారు. పెళ్లయిన కొత్తలో బ్యాంకులో డబ్బు తీసే ఫారం అడగడానికి కూడా మా ఆయన్ను వెంటబెట్టుకుని పోయేదాన్ని. అట్లాంటిదాన్ని రెండు వందల మంది ముందు మైకు పట్టుకుని మాట్లాడానంటే అది మీ మీటింగుల పుణ్యమే. మా పాప తొమ్మిది, పది తరగతుల ట్యూషన్ ఫీజు ఈ సామాను అమ్మిన డబ్బుతోనే కట్టాను. గిన్నెల లిక్విడు నిజంగానే మంచిది. ఇప్పటికీ మా ఇంట్లో అదే.

నేను మాట్లాడాలనుకుంటున్నది ఒక నోట్‌బుక్ గురించి.

చేరిన మొదటి వారంలోనే కొనుక్కోమన్నారు, గుర్తుందా? రెండు వందల పేజీల రూళ్ల నోట్‌బుక్. వంద పేర్లు రాయమన్నారు. వంద మంది నాకు ఎక్కడ తెలుసన్నా అంటే, "మీ పాప పెళ్లికి కార్డు ఎవరెవరికి ఇస్తారో ఊహించుకోండి, వాళ్లందరి పేర్లూ రాయండి" అన్నారు. మా పాపకు అప్పుడు ఎనిమిదేళ్లు. రాత్రి పదకొండు దాకా కూచుని రాశాను. 112 పేర్లు వచ్చాయి. నాకింత మంది ఉన్నారా అని సంతోషం వేసింది కూడా.

రెండో వారం ఆ పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో ఇంకో వరస గీయించారు. పైన 'అవసరం' అని రాయమన్నారు. ప్రతి మనిషికీ ఎక్కడో ఒక నొప్పి ఉంటుందని, అది తెలిస్తే సగం పని అయిపోయినట్టేనని చెప్పారు. అప్పులున్నాయా, భర్త తాగుతాడా, కూతురు పెళ్లికుందా, ఒంట్లో బాగాలేదా, ఉద్యోగంలో పైవాడు సతాయిస్తున్నాడా, అంతా రాసుకోవాలి. నేను శ్రద్ధగా రాశాను. బళ్లో కూడా నోట్సు బాగా రాసేదాన్ని.

ఆ నొప్పి ఎట్లా తెలుసుకోవాలో కూడా మీరే నేర్పించారు. 'ఫార్మ్' అన్నారు. ముందు ఇంటివాళ్ల గురించి అడగాలి, తర్వాత ఉద్యోగం, తర్వాత సరదాలు, ఆఖర్న మెసేజ్, అంటే మన ప్లాన్. నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపితే ఫార్మ్. పిల్లలు బాగున్నారా, అన్నం తిన్నారా, కాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయి అని మన అవ్వలు తరతరాలుగా అడుగుతూ వచ్చిన మాటలకు ఇంగ్లీషు పేరు పెట్టి, చివర్లో ఒక బిల్లు తగిలించారు. అప్పుడు నాకది పెద్ద విద్యలాగా కనిపించింది.

మా పక్కింట్లో ఒక పెద్దమ్మ ఉంటుంది. చుట్టరికం లేదు, వయసును బట్టి పిలుపు. భర్త పోయి చాలాకాలమైంది. ఆయన పెన్షన్ వస్తుంది. ఒక్క కొడుకు, బెంగళూరులో ఉంటాడు. సాయంత్రం నీళ్లు పట్టుకునేటప్పుడు గోడ దగ్గర నిలబడి మాట్లాడుకోవడం మాకు అలవాటు. మా పాపకు జ్వరం వస్తే మిరియాల చారు ఆ ఇంటి నుంచే వచ్చేది. నేను చేరిన రెండో నెలలోనే ఆమె దగ్గర కాల్షియం మాత్రల డబ్బా అమ్మాను. తర్వాత పౌడరు. ఎప్పుడూ బేరం ఆడలేదు, ఎక్స్‌పైరీ తేదీ చూడలేదు. "నువ్వు ఇస్తే చాల్లేమ్మా" అనేది.

ఒక రోజు ఊరిబిండి పంపిన గిన్నె తిరిగి ఇవ్వడానికి ఆమె మా ఇంటికి వచ్చింది. నేను మిద్దె మీద బట్టలు తీస్తున్నాను. టూత్‌పేస్టు ధర ఎంతమ్మా అని కింది నుంచి అడిగితే, "టీపాయి మీద లిస్టు ఉంది చూడు పెద్దమ్మా" అన్నాను. లిస్టు నోట్‌బుక్ కింద ఉంది. నోట్‌బుక్ తెరిచి ఉంది. నేను బట్టల మూటతో దిగి వచ్చేసరికి ఆమె కళ్లజోడు పెట్టుకుని, వేలు కింద పెట్టి నిదానంగా చదువుతోంది. ఆమె పెన్షన్ కాగితాలు చదివేది కూడా అట్లాగే.

17వ పేరు ఆమెది. పక్కన నా చేతిరాతతో ఇట్లా ఉంది: "కొడుకు బెంగళూరు, ఫోన్ తక్కువ. ఒంటరి. రోజూ 10 నిమిషాలు మాట్లాడాలి. మోకాళ్లు, కాల్షియం. పెన్షన్ 1వ తేదీ."

నన్ను చూసి కళ్లజోడు తీసింది. కోప్పడలేదు. "పది నిమిషాలేనా అమ్మా? మనం అరగంట మాట్లాడుకునేవాళ్లం కదా" అంది. గిన్నె టీపాయి మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

ఇప్పటికి ఆరేళ్లు. ఆ మాటకు నాకింకా జవాబు దొరకలేదు. నిజానికి మేము అరగంటే మాట్లాడుకునేవాళ్లం. పది నిమిషాలు నోట్‌బుక్ కోసమైతే మిగతా ఇరవై నిమిషాలు నావే. ఆమె అంటే నాకు ప్రేమ లేకపోతే ఆ ఇరవై నిమిషాలు ఎందుకు నిలబడతాను? కానీ ఏ పది ఎవరివో, ఏ ఇరవై ఎవరివో ఆమెకు ఎట్లా తెలుస్తుంది? ఒట్టేసి చెప్తున్నాను, ఆ రోజు నుంచి నాకే తెలియడం లేదు. గుడి దగ్గర ఎవరైనా కనిపించి "ఏమ్మా, బాగున్నావా" అంటే, నేను తిరిగి అడిగే మాట పలకరింపో, అమ్మకం కోసం వెంటపడే ఫాలో అపో తేల్చుకోలేక నోరు తడబడుతుంది.

లీడర్లూ, నా అసలు ఫిర్యాదు ఇదే. మీరు అబద్ధాలు చెప్పమని నేర్పించలేదు. చెప్పాలంటే దానికి ఉల్టా నేర్పించారు. "సిన్సియర్‌గా ఉండండి, మనుషుల్ని మనస్ఫూర్తిగా ప్రేమించండి, అప్పుడే క్లోజ్ అవుతారు" అని ప్రతి మీటింగులో చెప్పారు. క్లోజ్ అంటే మన భాషలో చేరడమో, కొనడమో. ఆ 'అప్పుడే' అన్న మాట దగ్గరే నాకు పేచీ. క్లోజ్ అవ్వడానికి ప్రేమించడం మొదలుపెడితే, క్లోజ్ కానివాళ్ల మీద ప్రేమ ఏమవుతుందో నా నోట్‌బుక్‌లోనే ఉంది. ఆరు నెలలు కొనని పేర్ల మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టి ఉంది. అందులో మా చిన్నమ్మ పేరు కూడా ఉంది.

ఇంకో పాఠం గుర్తుందా? ఎవరైనా వద్దంటే ఏం చెప్పాలన్నది. "మీకట్లా అనిపించడం నాకర్థమవుతుంది. నాకూ మొదట్లో అట్లే అనిపించింది. తర్వాత చూస్తే తెలిసింది ఏందంటే..." ధర ఎక్కువన్నా ఇదే, టైం లేదన్నా ఇదే, మా ఆయన ఒప్పుకోడన్నా ఇదే. నాకు మొదట్లో నిజంగా అట్లా అనిపించిందా అని ఎవరూ అడగలేదు. బాలాజీ కాలనీలో ఒక టీచరమ్మకు ఈ మూడు వాక్యాలూ అప్పజెప్పాను. ఆమె కాఫీ గ్లాసు కింద పెట్టి, "పోయిన నెల మా చెల్లెలు ధర గురించి అంటే నీకూ అట్లే అనిపించిందన్నావంట. ఇప్పుడు నేను టైం గురించి అంటే కూడా అట్లే అనిపించిందంటున్నావు. నీకు మొదట్లో ఎన్ని అనిపించినాయి తల్లీ?" అంది. నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఆమె ఆ రోజు రెండు సబ్బులు కొనింది. జాలికి కొనిందని నాకు తెలుసు.

ఇక ముఖ్యమైన సంగతి, కంపెనీ పేరు. "ముందే పేరు చెప్పొద్దు, పేరు చెప్తే తలుపేస్తారు. ఒక మంచి ప్రాజెక్ట్ ఉంది, అన్న ఒకాయన బెంగళూరు నుంచి వస్తున్నాడు, పది నిమిషాలు వినండి అని మాత్రమే చెప్పండి" అన్నారు. నేను ఎంతమందిని కాఫీ తాగుదాం రమ్మని పిలిచి తీసుకుపోయి హాల్లో కూచోబెట్టానో లెక్క లేదు. కేంద్ర ప్రభుత్వం 2021 డిసెంబరులో డైరెక్ట్ సెల్లింగ్ నియమాలు ఇచ్చింది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద ఇచ్చినవవి. అమ్మడానికి పోయినవాళ్లు మాట మొదలుపెట్టేటప్పుడే, ఎదుటివాళ్లు అడగకముందే, తామెవరో, ఏ కంపెనీయో, ఏం సరుకో, ఎందుకొచ్చామో ఉన్నదున్నట్టు చెప్పాలని వాటిలో ఉంది. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అడగకుండా ఇంటికి పోకూడదు. "ముగ్గురిని చేర్పిస్తే మీ డబ్బా ఫ్రీగా వచ్చినట్టే" అని ఆశ చూపి అమ్మడం కూడా కుదరదు. ఈ నియమాలు వచ్చి ఇన్నేళ్లయినా మన మీటింగుల్లో ఒక్క స్లైడులో కూడా నేను చూడలేదు. కారు ఫోటో ఉన్న స్లైడు మాత్రం తప్పకుండా ఉంటుంది.

కారు అంటే కోటు గుర్తొచ్చింది. మే నెల ఎండలో టై బిగించుకుని చెమటలు కక్కుతూ స్టేజీ ఎక్కే కుర్రాళ్లను చూస్తే నాకు మన గంగమ్మ జాతర గుర్తొస్తుంది. జాతరలోనూ దొర వేషం ఉంది. కానీ అక్కడ వేషం కట్టినవాడికి అది వేషమని తెలుసు, చూసేవాళ్లకూ తెలుసు. మొక్కు తీరాక కడిగేసుకుని ఇంటికి పోతాడు. మన కుర్రాళ్లకు కోటు విప్పే చోటే లేదు. బాడుగ కట్టలేదని ఇంటి ఓనరుకు తెలుసు, సంపాదిస్తున్నట్టు కనిపించాలని మీరు చెప్తారు. పాపం, మధ్యలో వాడు.

ఒక్కొక్కరు ఐదుగురిని చేర్చే లెక్క కూడా ఒకసారి బోర్డు మీద చివరిదాకా రాయండి. మీరు నాలుగో వరస దగ్గర 625 అని రాసి ఆపేసి చప్పట్లు కొట్టిస్తారు. ఇంకా కిందికి పోతే 3,125, తర్వాత 15,625, ఏడో వరసకు 78,125, ఎనిమిదో వరసకు 3,90,625. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగరమంతా కలిపి సుమారు 2 లక్షల 87 వేల మంది. ఎనిమిదో వరస నిండాలంటే ఉయ్యాల్లో ఉన్న పిల్లల్ని కూడా చేర్చినా చాలదు. కొండకొచ్చే యాత్రికుల్ని పట్టుకోవాలి. చివరి వరసలో చేరినవాళ్ల కింద ఎవరూ ఉండరు, కాబట్టి వాళ్ల డబ్బు గోవిందా. లెక్కల టీచరు అవసరం లేదు, ఈ గుణకారం మా పాప చేసి చూపించింది.

ఎవరైనా చేరినందుకే డబ్బు పైకి పోయే పద్ధతిని 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం ఒప్పుకోదు. 2007లో మన హైకోర్టు ముందుకు ఒక పెద్ద కంపెనీ కేసు వచ్చినప్పుడు ఈ చట్టం మీదే నడిచింది, తీర్పు కంపెనీకి ఎదురుగానే వచ్చింది. దీని గురించి ఎవరైనా అడిగితే "నెగటివ్ మనుషులు" అని తేల్చేసి మాట మార్చకండి. అడిగేవాడికి అడిగే హక్కుంది.

జీవకోనలో ఒకామె టిఫిన్ అంగడి నడుపుకునేది. పొద్దున ఇడ్లీ, సాయంత్రం బజ్జీలు. మంచి మాటకారి. "ఈమె స్టార్ అవుతుంది, పట్టుకోండి" అని నా అప్‌లైన్ చెప్పాడు. పెద్ద ప్యాకేజీతో మొదలుపెడితే లెవెల్ త్వరగా వస్తుందన్నాడు. ఆమె పొదుపు సంఘంలో 30 వేలు లోను తీసుకుంది. గ్రైండరు కొనడానికని సంఘంలో చెప్పింది. ఆ డబ్బు దేనికి పోతుందో నాకు తెలుసు. ఆమె సంతకం పెట్టేటప్పుడు పక్కనే కూచున్నాను. వద్దక్కా అని ఒక్క మాట అనలేదు. ఆ నెల నా అమ్మకాల పాయింట్లకు సరిగ్గా అంతే తక్కువ పడింది.

నాలుగు నెలల తర్వాత పోయి చూస్తే డబ్బాలు మంచం కింద ఉన్నాయి. వాటి మీద పాత చీర కప్పి ఉంది, పిల్లలు తియ్యకుండా. సగం డబ్బాలకు తేదీ దగ్గరపడింది. పొదుపు సంఘం ఎట్లా నడుస్తుందో మీకు తెలుసు. పది మంది ఆడవాళ్లు, ఒకరి పూచీ మీద ఒకరికి లోను. ఒకరు కంతు కట్టకపోతే బ్యాంకు దగ్గర మిగతా తొమ్మిది మందికీ చెడ్డపేరు, తర్వాతి లోను ఆగిపోతుంది. ఆమె మీటింగుకు పోవడం మానేసింది. వీధిలో కనపడిన వాళ్లు ముఖం తిప్పుకున్నారు. మా అప్‌లైన్‌కు చెప్తే "ఆమె ప్రొడక్టును నమ్మలేదు, అందుకే అమ్ముకోలేకపోయింది" అన్నాడు. అమ్ముడుపోని సరుకు వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉండాలని 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉందట. ఆమెకు తెలియదు, అప్పటికి నాకూ తెలియదు, తెలిసిన మీరు చెప్పలేదు. తేదీ ఉన్న డబ్బాలు 11 వేలు పెట్టి నేను కొనుక్కున్నాను. మిగతాది ఆమె బజ్జీలు వేసి కట్టుకుంది.

అందుకే సంఘాలను రెడీమేడ్ డౌన్‌లైన్, అంటే మన కింద చేరే వరస, అనుకోవడం మానేయమని అడుగుతున్నాను. "ఒక సంఘం లీడరును పట్టుకుంటే పది మంది వచ్చినట్టే" అని పోయిన నెల కూడా ఒక ట్రైనింగులో విన్నాను. ఆ పది మందిని కలిపి ఉంచేది వాళ్ల మాట మీద వాళ్లకున్న గురి. అది మనం సంపాదించింది కాదు, అమ్ముకోవడానికి మనకు హక్కు లేదు.

మందుల విషయం రెండు ముక్కల్లో చెప్తాను. మన పౌడర్ల డబ్బా మీద ఇది వైద్యం కోసం కాదు అని ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంటుంది. అట్లా వెయ్యాలన్నది ఆహార భద్రత సంస్థ నియమం. డబ్బా మీద అట్లా ఉంటే, స్టేజీ మీద షుగర్ తగ్గింది, మాత్రలు మానేశాను అని సాక్ష్యాలు చెప్పిస్తారు. షుగర్ నయం చేస్తామని ప్రకటించడం మందులు, మాయ వైద్యాల ప్రకటనల మీద వచ్చిన 1954 చట్టం కిందే నేరం. ఎవరి మాటైనా విని ఎవరైనా మాత్రలు మానేస్తే, ఆ రాత్రి రుయా ఆసుపత్రి క్యాజువాలిటీకి ఆటోలో తీసుకుపోయేది పై ర్యాంకు డైమండ్ లీడరు కాదు.

మీరు అడగొచ్చు, మరి అమ్మేవాళ్లు ఎట్లా ఉండాలంటావు అని. నాకు తెలిసిన ఒకామెను చూపిస్తాను. మా వీధికి పోస్టాఫీసు ఆర్‌డీ అక్క వస్తుంది. నెలనెలా ఇళ్లకు వచ్చి డబ్బు కట్టించుకుని, పాస్‌బుక్కులో ముద్ర వేయించి తెస్తుంది. ఆమెకు వచ్చేది నూటికి నాలుగు రూపాయల కమీషన్. నాలుగైదేళ్ల కింద మా అమ్మ నెలకు రెండు వేలతో ఇంకో ఆర్‌డీ మొదలుపెడతానంది. అక్క ఫారం తియ్యలేదు. అరుగు మీద కూచుని, "అమ్మా, నీ రెండు సవర్ల గొలుసు కుదువ అంగట్లో ఉంది కదా, వడ్డీ ఎంత?" అని అడిగింది. నూటికి రెండు రూపాయలు అంది అమ్మ. "నెలకు రెండంటే ఏడాదికి ఇరవై నాలుగు. నా ఆర్‌డీలో నీకు ఏడాదికి ఏడు కూడా రాదు. ఆ రెండు వేలు తీసుకుపోయి గొలుసు విడిపించుకోమ్మా. విడిపించుకున్నాక నేనే వస్తా" అని నీళ్లు తాగి లేచింది.

ఐదేళ్ల కమీషన్ పోయింది ఆమెకు. లెక్క కడితే ఐదు వేలకు తక్కువే, కానీ ఎండలో ఇళ్లు తిరిగే మనిషికి అది చిన్న డబ్బు కాదు. గొలుసు ఏడాదిన్నరకు ఇంటికి వచ్చింది. మరుసటి నెల ఆర్‌డీ మొదలైంది, మా చెల్లెలు ఇంకోటి పెట్టింది. ఇది చెప్పగానే మీలో కొందరు "చూశారా, కేర్ చేస్తే బిజినెస్ డబుల్ అవుతుంది" అని స్లైడులో పెట్టేస్తారని నాకు భయం. దయచేసి పెట్టకండి. మా అమ్మ గొలుసు విడిపించుకున్నాక ఆర్‌డీ పెట్టకపోయినా ఆ అక్క వచ్చి నీళ్లు తాగి పోయేది. ఎన్నో ఇళ్లలో అట్లాగే పోతుంది, నేను చూస్తుంటాను.

మీ ట్రైనింగులో 'వద్దు' అనే మాటను ఎదుటివాళ్లే అంటారు, మనం దాన్ని దాటాలి. అమ్మేవాళ్లు వద్దనాల్సిన సందర్భం ఒకటి ఉంటుందని ఒక్క క్లాసులో కూడా చెప్పలేదు. "మీకు ఇది అక్కర్లేదు", "ఈ అప్పుతో చేరొద్దు", "డాక్టరును అడిగి వాడండి", "పక్క అంగట్లో ఇదే తక్కువకు దొరుకుతుంది": ఈ నాలుగు వాక్యాలు ప్రాక్టీసు చేయించండి. ఫార్మ్ చేయించినట్టే, ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూచోబెట్టి. నోరు తిరగడానికి టైం పడుతుంది, నాకు రెండేళ్లు పట్టింది.

ఇంకొన్ని అడుగుతాను, కోప్పడకండి. 'అవసరం' అనే ఆ ఎర్ర వరసను ట్రైనింగులోంచి తీసెయ్యండి. ఎవరికి ఏ డబ్బా ఎప్పుడు ఇచ్చాం, ఎంత బాకీ అని రాసుకోవడం వ్యాపారం. ఎవరి కొడుకు ఫోన్ చెయ్యడో రాసుకోవడం వ్యాపారం కాదు. పిలిచేటప్పుడే కంపెనీ పేరు చెప్పి పిలవనివ్వండి. హాలు సగం ఖాళీగా ఉంటే ఉండనీ. స్టేజీ మీద చెక్కు చూపించేటప్పుడు పెట్రోలు, హాలు బాడుగ, టికెట్లు, సొంతానికి కొన్న సరుకు తీసేసి చేతిలో ఎంత మిగిలిందో కూడా చెప్పండి. నేనే చెప్తాను, దాపరికం ఎందుకు: 43 మంది ఉన్న బంగారు రోజుల్లో నాకు ఖర్చులు పోను నెలకు మూడు వేలు దాటింది రెండుసార్లు. ఇప్పుడు ఏడుగురితో, అమ్మకం మీదే, రెండు వేలకు అటూ ఇటూ వస్తోంది. టెన్షన్ మాత్రం పదో వంతు కూడా లేదు.

1979లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆమ్‌వే కేసు తేల్చినప్పుడు ఆ కంపెనీ నియమాలు కొన్నింటిని చూసే అది పిరమిడ్, అంటే మనుషుల్ని చేర్చడం మీదే నడిచే స్కీము, కాదంది. నెలకు కనీసం పది మంది బయటి గిరాకీలకు అమ్మాలి, కొన్న సరుకులో 70 శాతం అమ్ముడుపోవాలి, మానేసేవాళ్ల దగ్గర మిగిలింది వాళ్లను చేర్చినవాళ్లు వెనక్కి కొనాలి, ఇవీ ఆ నియమాలు. సంపాదన గురించి పెంచి చెప్పిందని అదే తీర్పులో తప్పూ పట్టింది. అంతదూరం ఎందుకంటారా? నా ఏడుగురి దగ్గర నేనిప్పుడు ఆ పది మంది లెక్కే అడుగుతున్నాను. చేరే ఉద్దేశం ఏమాత్రం లేని, సబ్బు కోసం సబ్బు కొనే పది మంది. మీ 'లెగ్గుల'లో, అంటే మీ కింది వరసల్లో, అట్లాంటివాళ్లు ఎందరున్నారో ఈ వారం ఒకసారి లెక్క పెట్టి చూడండి.

చేరి వదిలేసినవాళ్ల ఇళ్లకు కూడా ఒకసారి పోయి రండి, డబ్బా లేకుండా. నేను పోతున్నాను. 36 ఇళ్లలో ఇప్పటికి 21 ఇళ్లకు పోయాను. కొందరు మజ్జిగ ఇచ్చారు. ఒకామె 1915 అని వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు చెప్పి, ఫోన్ చేద్దామనుకున్నానని, నా ముఖం చూసి చెయ్యలేదని అంది. చెయ్యాల్సిందమ్మా అన్నాను. ఇద్దరు తలుపు తియ్యలేదు. వాళ్లది తప్పని అనను.

ఆ నోట్‌బుక్ నేను కాల్చలేదు, అవతల పారెయ్యలేదు. బీరువాలో ఉంది. 17వ పేరు దగ్గర పేజీ అట్లాగే మడిచి ఉంది.

పెద్దమ్మ ఆ రోజు తర్వాత నాతో మాట్లాడటం మానలేదు. ఎదురుపడితే నవ్వుతుంది, పాప చదువు గురించి అడుగుతుంది. గోడ దగ్గరికి మాత్రం రాదు. నీళ్లు పట్టుకునే టైం మార్చుకుంది. నోట్‌బుక్ సంగతి నేను ఒకసారి ఎత్తితే "అయిపోయిందిలేమ్మా" అంది. పోయిన నెల తనే వచ్చి గిన్నెల లిక్విడు ఉందా అని అడిగింది. ఉంది పెద్దమ్మా, లోపలికి రా అన్నాను. చిల్లరతో సహా సరిగ్గా లెక్కపెట్టి తెచ్చింది. గేటు బయట నిలబడే ఇచ్చింది, సీసా తీసుకుని తిప్పి తేదీ చూసుకుంది.

ఇట్లు,
కొర్లగుంట నుంచి
మీ డౌన్‌లైన్‌లో ఒక మనిషి